శనివారం వచ్చిన పెట్టె

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు కంప్యూటర్ తెర మీద ఏమీ రాలేదు.

రావలసింది ఒక నల్లటి గీత. గోరంత వెడల్పు కూడా ఉండదు. రెండేళ్లుగా తప్పకుండా వస్తోంది. ఆ గీతను నమ్ముకునే గచ్చిబౌలిలో నాలుగో అంతస్తు కిరాయికి తీసుకున్నారు, పదకొండు మందిని జీతాలకు పెట్టుకున్నారు, కింద గేటు దగ్గర కిడ్నీల బొమ్మతో మనిషెత్తు బోర్డు కట్టారు. ఆ వేళ మాత్రం తెర కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. ల్యాబ్‌లో పరీక్షలు చేసే లావణ్య కెమెరా టైమును ముప్పై సెకన్ల నుంచి రెండు నిమిషాలకు పెంచింది, రెండు నుంచి పదికి పెంచింది. మసక తప్ప ఏమీ కనపడలేదు. ముంబయి నుంచి ఒక పెద్ద కంపెనీవాళ్లు శుక్రవారం వస్తున్నారు, ఈ గీతను కళ్లారా చూసి, ఈ పరీక్షను తమ పేరు మీద అమ్మాలా వద్దా తేల్చుకోవడానికి. ఇదేం ఖర్మ దేవుడా అనుకుంటూ ఆమె గ్లవ్స్ తీసేసి అరచేతుల చెమట కోటుకు తుడుచుకుంది.

కంపెనీ చేసే పని చెప్పడానికి చాలా సులువు. కిడ్నీలు చెడిపోవడం మొదలైన మనిషి మూత్రంలో ఒక ప్రోటీన్ కనపడుతుందని కంపెనీ పెట్టిన డాక్టర్ రామబ్రహ్మంగారి నమ్మకం. దానికి బారెడు పేరుంది గాని, బరువును బట్టి ల్యాబ్‌లో అందరూ ‘నలభై రెండు’ అనేస్తారు. మూత్రంలో వేల ప్రోటీన్లుంటాయి. అందులోంచి నలభై రెండును మాత్రమే వెతికి పట్టుకునేది యాంటీబాడీ. అది విదేశం నుంచి వేలెడంత సీసాలో, నాలుగు చుక్కల నీళ్లలా వస్తుంది. ప్రోటీన్లన్నిటినీ బరువుల వరసలో ఒక తెల్లటి పొర మీదికి ఎక్కించి, పాలపొడి నీళ్లలో తడిపి, ఆ తర్వాత యాంటీబాడీలో నానబెడితే, అది పోయి పోయి నలభై రెండునే అతుక్కోవాలి. అక్కడే నల్లగీత పడాలి. పడితే జబ్బు మొదలైనట్టు, లేకుంటే లేనట్టు.

ఆ నాలుగు చుక్కలూ బంగారం కన్నా ప్రియం. అందుకని రామబ్రహ్మంగారు మొదటి రోజే ఒక పద్ధతి పెట్టారు. పొర మొత్తాన్ని ఎవరూ నానబెట్టకూడదు. నలభై రెండు ఉండే చోటుకు పైనా కిందా బ్లేడుతో కోసి, వేలి వెడల్పు ముక్కను మాత్రం చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి నానబెట్టాలి. మిగతాది చెత్తబుట్టలోకి. నానబెట్టిన నీళ్లు కూడా పారబోయకూడదు, ఫ్రిజ్‌లో దాచి మళ్లీ మళ్లీ వాడాలి. ఇల్లు నడిపే ఆడవాళ్లకు కూడా ఇంత పొదుపు రాదని అందరూ నవ్వేవాళ్లు గాని, నవ్వుతూనే కోసేవాళ్లు. లావణ్య చెయ్యి అందులో బాగా కుదిరింది. స్కేలు ఒత్తిపట్టి ఒక్క గీతలో కోసేది, అంచు ఎక్కడా లేచేది కాదు. పోయిన వారం పాత సీసా అయిపోయింది. దాని నీళ్లు మాత్రం ఫ్రిజ్‌లో మిగిలాయి. కొత్త సీసా శనివారం వచ్చింది. ఆమె సోమవారం దాన్ని విప్పి, ఎప్పటిలాగే కోసి, ఎప్పటిలాగే నానబెట్టింది.

రామబ్రహ్మంగారు వచ్చి ఆమె వెనక నిలబడి తెర చూశారు. ఆయనకు కోప్పడడం రాదు. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే. తిట్టే మనిషైతే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు, కనీసం బాత్రూమ్‌లోకి పోయి ఏడవొచ్చు. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పెట్టె ఎప్పుడొచ్చిందమ్మా అని అడిగారు. శనివారం వచ్చింది సార్, నాకు నిన్న పొద్దున అందింది అని చెప్పింది లావణ్య.

“మరి మధ్యలో ఎక్కడుందమ్మా?”

“కింద సెక్యూరిటీ దగ్గరనుకుంటా సార్.”

అనుకోవడం ఎందుకు, తెలీదంటే సరిపోయేది కదా! నాలుక మీదికి ఏదొస్తే అది అనేసింది. నిన్న పెట్టె మూత తీసినప్పుడు లోపలి ఐస్‌ప్యాకులు రాయిలా గట్టిగా ఉన్న సంగతి, సీసా పట్టుకుంటే గ్లవ్స్‌లోంచి కూడా వేళ్లు జివ్వుమన్న సంగతి ఆ క్షణంలో గుర్తే రాలేదు. రామబ్రహ్మంగారు తల పంకించారు. ఆయన ముఖం కొంచెం తేటపడినట్టే అనిపించింది. రెండు రోజులు ఎండలో గేటు దగ్గర పడుందన్నమాట, పాపం పాడైపోదూ మరి అన్నారు. మనిషి చచ్చిపోయినా ఆయన అదే గొంతుతో పాపం అంటారు.

*

సెక్యూరిటీ పెంటయ్య ఆ వేళ రెండింటికి డ్యూటీ ఎక్కాడు. మంగళవారం, శుక్రవారం పొద్దుటి పూట అతనికి వేరే పని. భార్య పోచమ్మను నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కించి, ఆ తర్వాత బస్సు ఎక్కించి, ఈఎస్ఐ దవాఖానకు తీసుకుపోతాడు. ఆమె రక్తం మిషన్‌లో తిరిగినంతసేపూ, నాలుగు గంటలు, పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. మళ్లీ ఇంట్లో దింపి, నోట్లో రెండు ముద్దలు వేసుకుని గేటుకొస్తాడు. ఆ రెండు పూటలకు బదులుగా శని, ఆదివారాలు పగలూ రాత్రీ అతనే కాపలా. నౌకరి ఉంటే కార్డు, కార్డు ఉంటే మిషన్, మిషన్ ఉంటే పోచమ్మ. ఎవరు అడిగినా ఈ వరసలోనే చెప్తాడు. చెప్పి నవ్వుతాడు కూడా. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఈ ఏజెన్సీ తీసేస్తే ఇంకో ఏజెన్సీ ఈ వయసులో గేటు ముందు నిలబెట్టదని అతనికి తెలుసు.

దవాఖాన కాగితాలు ఇంగ్లీషులో ఉంటే అతను లావణ్య దగ్గరికే తెచ్చేవాడు. ఆమె గేటు దగ్గరే బల్ల మీద పెట్టుకుని నింపిచ్చేది. దానికి బదులు పోచమ్మ ఒంట్లో బాగున్న రోజున సర్వపిండి చేసి స్టీలు డబ్బాలో పంపేది. నలుగురిలో అతను లావణ్యను మేడం అంటాడు, ఎవరూ లేనప్పుడు బిడ్డా అంటాడు. ఆమె కదిరి దగ్గరి పిల్ల. హాస్టల్‌లో ఉంటోంది. ఈ ఊళ్లో ఆమెను బిడ్డా అనేది అతనొక్కడే.

అడ్మిన్ ఆఫీసర్ దినేష్ రిజిస్టరు పట్టుకుని కిందికి దిగాడు. పెట్టె విప్పింది లావణ్యే కాబట్టి ఆమెనూ రమ్మన్నాడు. శనివారం మధ్యాహ్నం రెండు నలభై, పెంటయ్య సంతకం. సోమవారం తొమ్మిదింబావు, లావణ్య సంతకం. మధ్యలో పెట్టె ఎక్కడుందని దినేష్ అడిగాడు. లోపటనే వెట్టిన సార్, ఖరాబ్ కాలే అన్నాడు పెంటయ్య. లోపలంటే ఎక్కడ, నీ కుర్చీ కిందా అని అడిగాడు దినేష్. పెంటయ్య తన బూట్ల వంక చూశాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట, ఖరాబ్ కాలే సార్. నోరు విప్పరా బాబూ అని లావణ్య మనసులో మొత్తుకుంది. అతను విప్పలేదు. ఏజెన్సీకి రాయాల్సి వస్తుంది, గురువారం తేలుస్తాం అని చెప్పి దినేష్ లిఫ్టులోకి పోయాడు.

లావణ్య మెట్ల మీద నడిచి పైకి వెళ్లింది. రెండో అంతస్తు దగ్గర ఐస్‌ప్యాకులు గుర్తొచ్చాయి. రాయిలా గట్టిగా ఉన్నాయి కదా! ఎండలో రెండు రోజులు పడున్న పెట్టెలో ఐస్ ఎక్కడిది? అక్కడే నిలబడిపోయి, ఆ నిమిషం నుంచీ ఇంకో అనుమానం పెట్టుకుంది. సీసా బాగుంటే పాడైంది తన చెయ్యేనేమో. కోయడంలోనో, కలపడంలోనో ఏదో తప్పు చేసి, ఆ తప్పు ఈ ముసలాయన నెత్తిన పడుతోందేమో. ఆ సాయంత్రం ఆమె హాస్టల్ బస్సు వదిలేసి, ప్రోటీన్లను బరువుల వరసలో విడగొట్టే జెల్ మళ్లీ పోసింది.

*

ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఫ్రీజర్ అడుగు అరలో అచ్చమైన నలభై రెండు ఉన్న చిన్న గొట్టం ఒకటుంది, ప్రోటీన్‌ను శుద్ధిచేసి అమ్మేవాళ్ల దగ్గర కొన్నది. రెండేళ్లుగా దాని సీలు తీసిన పాపాన ఎవరూ పోలేదు. దాని పక్కనే నలభై రెండు అసలే లేకుండా తయారుచేసిన కణాల నమూనా. మొదటి గడిలో అచ్చమైనది, తర్వాతి మూడు గడుల్లో రోగుల నమూనాలు, చివర అసలు లేనిది. ఇదే వరసలో రెండు పొరలు. ఒకటి కొత్త సీసాకు, ఒకటి ఫ్రిజ్‌లో దాచిన పాత నీళ్లకు. బుధవారం పొద్దున బ్లేడు చేతిలోకి తీసుకుని, స్కేలు ఆనించి, ఆగింది. తన తప్పు ఎక్కడుందో చూడాలంటే మొత్తం చూడాలి కదా అనుకుని బ్లేడు పక్కన పెట్టేసింది. కోయని పొరకు ఐదింతలు యాంటీబాడీ పట్టింది. పళ్లేలు రెండూ మిషన్ మీద గంటసేపు అటూ ఇటూ ఊగాయి. కడగడం మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. మధ్యాహ్నం రెండున్నరకు కొత్త సీసా పొరను కెమెరా కింద పెట్టింది.

మొదటి గడిలో, సరిగ్గా నలభై రెండు దగ్గర, కాటుక పెట్టినట్టు ఒక్క గీత పడింది. మిగతా గడులన్నీ ఖాళీ. రోగుల గడులూ ఖాళీయే. సీసా దివ్యంగా ఉంది. వెతకమన్నదాన్ని వెతికింది, లేని చోట లేదంది. లావణ్యకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి తప్పు కాదు, పెంటయ్య తప్పు కాదు. ఆ సంతోషంలోనే రెండో పొర పెట్టింది.

పాత నీళ్ల పొర మీద మొదటి గడి దాదాపు ఖాళీ. రోగుల గడుల్లో నలభై రెండు దగ్గర, రెండేళ్లుగా అందరూ చూసి మురిసిన గీతలు పడ్డాయి. నలభై రెండు అసలే లేని చివరి గడిలో కూడా అంతే నల్లగా, అంతే చక్కగా పడింది. పైన ఇంకోచోట, ఇన్నాళ్లూ కోసి చెత్తబుట్టలో పడేసిన మేర, దానికి మూడింతలు పెద్ద మచ్చ. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పాత యాంటీబాడీ ఏనాడూ నలభై రెండును పట్టుకోలేదు. రెండేళ్లుగా దొంగను వదిలేసి పక్కింటివాణ్ణి పట్టుకుని దొంగ దొరికాడని చాటింపు వేశారు. ఒక్క రోజు, ఒక్క పొర కోయకుండా చూసి ఉంటే మొదటి వారంలోనే బయటపడేది. పొదుపు చేశారు మహానుభావులు!

భయం ఆ తర్వాత వచ్చింది. ఇది బయటపెడితే పెంటయ్య బయటపడతాడు. నిజమే. కానీ ముంబయివాళ్లు వెనక్కి పోతారు, రెండేళ్ల కాగితాలన్నీ అబద్ధమవుతాయి, ఈ అంతస్తుకు తాళం పడుతుంది. ఆ పదకొండు మందిలో తనూ ఒకతే. తన కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతుంది. ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చు గాని, ఎక్కడికి పోయినా మీ పాత ల్యాబ్ సంగతేంటి అని అడుగుతారు. ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది. అసహ్యపడుతూనే పొరలు రెండూ ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, సొరుగులో అడుగున దాచి, తాళం వేసింది.

టీ తాగే మిషతో కిందికి పోయింది. గేటు దగ్గర పెంటయ్య ఒక్కడే ఉన్నాడు.

“నిజం చెప్పు పెద్దయ్యా. ఆ పెట్టె యాడ పెట్టినావు?”

అతను రోడ్డు వైపు, లిఫ్టు వైపు చూసి, గొంతు తగ్గించాడు. జీడిమెట్లలో పదకొండేళ్లు ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడట. శనివారం పెట్టె చేతికివ్వగానే మూత సందులోంచి పొగ రావడం చూసి, లోపల ఉన్నదేదో చల్లగా ఉండకపోతే పోతుందని కనిపెట్టాడు. పైన తాళం. దినేష్ సార్‌కు నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సెల్లార్‌లో క్యాంటీన్ ఉంది, దాన్ని నడిపే రమేష్‌ను బతిమాలాడు. ఐస్‌క్రీం ఫ్రీజర్‌లో మామిడి బార్ల డబ్బాలు పక్కకు జరిపి, పెట్టెను రెండు కవర్లలో చుట్టి, లోపల పెట్టాడు. ఆదివారం రెండుసార్లు పోయి కరెంటుందో లేదో చూసొచ్చాడు. సోమవారం పొద్దున తీసి తుడిచి పైకి తెచ్చాడు.

“కిడ్నీలోళ్ల మందంటిరి గద బిడ్డా. మా ఆమె అసుంటోళ్లకే గద. ఎట్ల ఇడిసిపెడ్త?”

అది మందు కాదని, మందుకు వేయి ఆమడల దూరమని లావణ్య చెప్పలేదు. మరి దినేష్ సార్ అడిగితే ఎందుకు చెప్పలేదని అడిగింది. రమేష్‌కు మాటిచ్చాడట. తినే వస్తువుల నడుమ ఇంకేది పెట్టినా రమేష్ కాంట్రాక్టు పోతుందట. నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు బిడ్డా, నీ కాల్మొక్త అన్నాడు. చెప్పనులే పెద్దయ్యా అంది లావణ్య. అని, టీ తాగకుండానే పైకొచ్చింది. వస్తూ వస్తూ మెట్ల మీదే ఒక ఉపాయం తట్టింది. పెద్ద నిజం చెప్పక్కర్లేదు, ఈ చిన్న నిజం చాలు. పెట్టె ఫ్రీజర్‌లోనే ఉందని రాస్తే ఎండలో పాడైందన్న మాటే ఎగిరిపోతుంది, పెంటయ్య జాగ్రత్తపరుడని తేలుతుంది. పాము చస్తుంది, కర్ర విరగదు. మాటిచ్చిన సంగతా? అతని మంచికే కదా, తర్వాత తనే మెచ్చుకుంటాడని సర్దిచెప్పుకుంది. తెలివి మీరిన పిల్ల.

*

గురువారం పొద్దున అరపేజీ కాగితం టైపు చేసి రామబ్రహ్మంగారికి ఇచ్చింది. రమేష్ పేరు రాయలేదు, క్యాంటీన్ ఫ్రీజర్ అని మాత్రం రాసింది. ఆ ఒక్క జాగ్రత్తకు లోలోపల గర్వపడింది కూడా. ఆయన రెండుసార్లు చదివారు. క్యాంటీన్ ఫ్రీజర్ అన్న మాట కింద గోటితో గీత గీశారు. చాలా మంచి పని చేశావమ్మా, ఇలా ముందుకొచ్చి చెప్పేవాళ్లేరీ ఈ రోజుల్లో అన్నారు. కూర్చోమన్నారు. బిస్కెట్ల ప్లేటు ఆమె వైపు జరిపారు.

“అయితే పెట్టె చల్లగానే ఉందంటావు. మరి గీత ఎందుకు రాలేదమ్మా?”

చెప్పాలంటే అదే అదను. సొరుగు తాళంచెవి ఆమె కోటు జేబులోనే ఉంది.

“తెలీదు సార్.”

“అచ్చమైన ప్రోటీన్ పెట్టి చూశావా?”

“లేదు సార్.”

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశారు. తర్వాత ఒక బిస్కెట్ తీసుకుని మధ్యకు విరిచారు.

“చూడకు. అవన్నీ శుక్రవారం అయ్యాక చూద్దాం. పాత నీళ్లు మిగిలే ఉన్నాయిగా, రేపు వాటితోనే చూపిద్దాం. సరేనా అమ్మా?”

ఆయనకు తెలుసని అప్పుడు అర్థమైంది. ఎప్పటినుంచి తెలుసో, ఎంత తెలుసో గాని, తెలుసు. లావణ్య సరే సార్ అని లేచింది. ఇంకేమనగలదు, తను కూడా ఇప్పుడే అబద్ధమాడి కూర్చుంది. పెంటయ్య గండం గట్టెక్కాడు కదా, అదే చాలనుకుని బెంచీ దగ్గరికి పోయి పొర తడపడానికి పాలపొడి తూచింది.

పన్నెండున్నరకు దినేష్ వచ్చి ఆమె రాసిన కాగితం నకలు మీద సాక్షిగా ఇంకో సంతకం అడిగాడు. దేనికని అడిగితే చెప్పాడు. ప్రయోగాల సరుకును తిండి ఉండే ఫ్రీజర్‌లో పెట్టడం భద్రతా నియమాల్లో అన్నిటికన్నా పెద్ద తప్పు. రేపు ముంబయివాళ్లు అడిగితే వెంటనే చర్య తీసుకున్నామని చూపించాలి. అందుకని పెంటయ్యను ఈ రోజే తీసేయమని ఏజెన్సీకి మెయిల్ పోయింది, ఇంకెక్కడా పెట్టుకోవద్దని కూడా రాశారు. క్యాంటీన్ సంగతి మళ్లీ చూస్తారట. ఆయన మంచి చేశాడని కదా నేను రాసింది అంది లావణ్య. దినేష్ చెడ్డవాడేం కాదు. కొంచెం జాలిపడ్డట్టే ఉన్నాడు.

“మీరు రాయకపోతే ట్రాన్స్‌ఫర్‌తో పోయేది మేడం. మణికొండ సైటుకు పంపేద్దామని నిన్ననే మాట్లాడాను. ఉద్యోగం, కార్డు అన్నీ ఉండేవి. ఇప్పుడు రాతలో ఉంది కదా, నేనేం చెయ్యను?”

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది తనే. లావణ్య సొరుగు తాళం తీసింది. ప్లాస్టిక్ కాగితాల్లోని పొరలు రెండూ చేత్తో పట్టుకుని రామబ్రహ్మంగారి గదికి నడిచింది. నడిచేటప్పుడు నిజంగా చెప్పేద్దామనే ఉంది, అబద్ధం కాదు. తలుపు తోయగానే ఆయన తలెత్తి, నీకే కబురు పెడదామనుకుంటున్నా రామ్మా అన్నారు. బల్ల మీద ఆమె కాంట్రాక్టు కాగితం ఉంది. ఇంకో రెండేళ్లు. పైన ఆయన సంతకం సిరా ఇంకా తడిగానే ఉంది. కింద ఆమె సంతకానికి చోటు వదిలారు. చేతిలో ఏమిటమ్మా అని అడిగారు. లావణ్య చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఏం లేదు సార్, పారేసే పొరలు అంది. పెన్ను ఆయనే మూత తీసి అందించారు.

*

మూడు గంటలకు కిందికి దిగింది. దిగకుండా ఉందామనే చూసింది గాని ఉండలేకపోయింది. ఏజెన్సీ సూపర్‌వైజర్ బైకు మీదే కూర్చుని, ఒక కాలు నేల మీద పెట్టి ఫోన్ చూసుకుంటున్నాడు. పెంటయ్య బల్ల మీద టోపీ, విజిల్, బెల్టు, టార్చిలైటు వరసగా పెట్టాడు. చొక్కా కూడా ఏజెన్సీదేనట. విప్పి, మడతలు కలిపి, గుండీలు పెట్టి మరీ మడిచి వాటి పక్కన పెట్టాడు. ఆఫీసు బస్సు దిగిన ఆడపిల్లలు గేటు లోపలికి వస్తుంటే బనియన్‌తో పక్కకు తిరిగి నిలబడ్డాడు. ప్లాస్టిక్ కవరులోంచి సొంత చొక్కా తీసి తొడుక్కున్నాక గాని ఇటు తిరగలేదు.

లావణ్య ముందు నుంచే మాటలు కూర్చుకుని వచ్చింది. అతనే మొదట మాట్లాడాడు.

“నా మంచికే రాసినవంట గద. దినేష్ సార్ చెప్పిండు. రమేష్ పేరు రాయలే గద బిడ్డా?”

రాయలేదు అంది. మంచి పని చేసినవు అన్నాడు. కోపం తెచ్చుకుంటాడేమో, మాట తప్పావంటాడేమో అని ఎదురుచూస్తూ వచ్చింది. అతని ముఖంలో అలాంటిదేమీ లేదు. రేపు పోచమ్మను మామూలుగానే తీసుకుపోతాడట. కార్డు ఎన్నాళ్లు నడుస్తుందో మాత్రం తెలియదట. నెలాఖరు దాకా అని ఒకరన్నారు, ఇంకా కొన్నాళ్లు నడుస్తుందని ఇంకొకరన్నారు. ఆ కాగితాలేమన్నా వస్తే నింపిపెడుదువు అన్నాడు. లావణ్య తల ఊపింది. సూపర్‌వైజర్ ఫోన్ జేబులో పెట్టుకుని, అయిందా పెంటయ్యా అన్నాడు. ఒక్క నిమిషం సార్ అని పెంటయ్య ఆమె దగ్గరికి ఒక అడుగు వచ్చాడు.

“ఒక్క ముచ్చట అడుగుత, నిజం చెప్పు బిడ్డా. వాళ్లు ఏమన్న అననీ. అది నిజంగనే ఖరాబ్ అయిందా?”

అతను నిటారుగా నిలబడి అడిగాడు. నౌకరి పోయినా, చొక్కా విప్పినా, తను చేసింది సరైన పనేనని అతనికి నమ్మకం. పెట్టె చల్లగానే ఉంది, తన కళ్లతో చూశాడు. కాలేదు పెద్దయ్యా అంటే అయిపోయేది. అదే నిజం, ఆ మాటకు ఖర్చు కూడా లేదు. అయితే ఆ మాట అంటే అతను ఇంకో మాట అడుగుతాడు, మరి నన్నెందుకు తీసిండ్రు అంటాడు. దానికి జవాబిస్తే ఇంకోటి అడుగుతాడు. బైకు మీది మనిషి కూడా వింటున్నాడు. లావణ్య బల్ల మీది టోపీ వైపు చూసింది.

“అయింది పెద్దయ్యా. కొంచెం పాడైంది.”

పెంటయ్య భుజాలు జారాయి. ఐస్‌క్రీం డబ్బాల నడుమ పెట్టుడు తప్పయిందేమో, ఫ్యాక్టరీ ఐసు వేరు ఇది వేరు, చదువురానోన్ని నాకేం తెలుసు అని తనలో తనే గొణుక్కున్నాడు. మంగళవారం నుంచీ తన మీదే తప్పుందని ఎందరన్నా అతను నమ్మలేదు. ఇప్పుడు నమ్మాడు, ఈ పిల్ల చెప్పింది కాబట్టి. కవరు చంకలో ఇరికించుకుని రెండు చేతులూ జోడించాడు.

“మాఫ్ చెయ్యి బిడ్డా. కిడ్నీలోళ్లకు అందవలసినదాన్ని నా చేత్తోని పాడు చేసిన.”

“పర్లేదులే పెద్దయ్యా” అంది లావణ్య.